అలల మీద సవారి: పలక, తెప్ప, తాటిదోనె

కొల్లేటి గట్టున పుట్టినవానికి నీటిమీద నిలుచుట ఒకరు నేర్పవలసిన విద్య కాదని మనవైపు పెద్దలందురు. అది పూర్తిగ నిజము కాదు. నాకు మా తాతగారు నేర్పిరి. నేర్చుకొనులోపల నేను నీటబడిన మారులకు లెక్క లేదు. తాటిదోనెలో నిలువబడి గెడ వేయుట చూచువారికి సులువుగనే తోచును. ఎక్కినవానికి గాని దాని గుట్టు తెలియదు. దోనె అడుగు గుండ్రము. దానికి కుదురు లేదు. కాళ్లు బిగబట్టి నిలిచినవానిని క్షణములో నీళ్లలోనికి దొర్లించును. "మోకాళ్లు బిగించకురా అబ్బాయీ, వదిలెయ్యి. అది ఎటు ఊగితే నువ్వూ అటే ఊగు" అని తాతగారు గట్టుమీద నిలిచి కేకలు వేయుచుండిరి.

ఆ మాట నాకు అరువదియేండ్ల తరువాత మరల వినబడినది. మా మనుమడు ఒకనాడు నాకొక చిన్న చలనచిత్రమును చూపెను. అందులో కొందరు యువకులు సముద్రములో ఒక్కొక్క పలకమీద నిలువబడి, విరుగుచున్న కెరటముతోపాటు ఒడ్డునకు జారుకొని వచ్చుచుండిరి. ఇసుకమీద నిలిచిన గురువు క్రొత్తవారికి మోకాళ్లు వదులుగ నుంచుడని బోధించుచుండెను. నేను నవ్వితిని. "ఎందుకు తాతయ్యా నవ్వుతున్నావు?" అని పిల్లవాడడిగెను. "ఆ గురువుగారి పాఠము మా తాతది" అంటిని. వాడు నమ్మలేదు. వానికి చెప్పిన సంగతులే కొంచెము వివరముగ ఈ ప్రసంగములో మీకు విన్నవింతును. ఈ ఆటకు ఇంగ్లీషున సర్ఫింగు అని పేరు. ఆ పలకల చరిత్రతోపాటు మన దోనెల చరిత్రయు చెప్పవలసియున్నది; ఏలయన, ఒకటి భద్రముగ నిలిచినది, రెండవది మన కండ్లయెదుటనే పోవుచున్నది.

మన సరస్సు చరిత్రలో క్రొత్తది కాదు. చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి దండయాత్రలను వర్ణించిన ఐహోళె శాసనము 634వ సంవత్సరమునాటిది. అందులో కునాల సరస్సు కడ జరిగిన యుద్ధమును, ఆ నీరు నెత్తుట నెఱ్ఱనగుటను కవి రవికీర్తి చెప్పియున్నాడు. ఆ కునాలమే మన కొల్లేరని చరిత్రకారులు పెక్కుమంది తలచుచున్నారు. తరువాత తూర్పు చాళుక్యులకు రాజధానియైన వేంగి, నేటి పెదవేగి, ఏలూరికి ఏడెనిమిది మైళ్లలోనే యున్నది గదా! ఆనాటి పోరులో మన దోనెవాండ్రు ఏ పక్షమున గెడవేసిరో శాసనము చెప్పదు. రాజుల కవులకు పడవవాండ్రు సాధారణముగ కనబడరు.

కొల్లేటికోటను గూర్చి జనులు చెప్పుకొను కథ మీలో పలువురెరుగుదురు. గజపతుల కోట సరస్సు నడుమ నుండగా శత్రువులు దానిని పట్టలేక, సరస్సును సముద్రమువైపు ఎండగొట్టుటకు కాలువ త్రవ్వబోయిరనియు, ఆ సందర్భమున ఒక సేనాపతి తన కూతురిని బలియిచ్చెననియు, అందుచేతనే ఆ త్రోవకు పేరంటాల కనుమ యను పేరు వచ్చినదనియు చెప్పుదురు. కథలో నిజమెంతయో గాని, అందులోని భూగోళము మాత్రము నిజము. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగులు తెచ్చిన నీరంతయు కొల్లేట చేరి, ఉప్పుటేటి గుండ బంగాళాఖాతమునకు పోవును. కనుక మన దోనెకును సముద్రపు తెప్పకును నడుమ నున్నది ఒక్క యేరే.

దోనెను చేయు విధమును ఇప్పటి పిల్లలకు చెప్పువారు తగ్గిపోయిరి. కావున ఇచ్చట కొంచెము ఆగెదను. ముదిరిన తాడిని పడగొట్టి, బోదెను నిలువున రెండుగ చీల్చుదురు. తాడి స్వభావము తక్కిన మ్రాకులకు విరుద్ధము. తక్కినవానికి నడుమ చేవ యుండగా, దీనికి చేవ పైని, మెత్తన లోపల. ఆ మెత్తని భాగమును బాడిసెతో తొలిచివేసినచో గట్టి డొప్ప మిగులును. వేళ్లదగ్గరి లావైన ఉబ్బు ఒక కొనను సహజముగనే మూసియుంచును. కోసిన రెండవ కొనకు బంకమట్టి మెత్తి అడ్డుకట్ట వేయుదురు. మేకు లేదు, అతుకు లేదు. మట్టి కరగినచో మరల మెత్తుకొనుటయే. ఇటువంటివి రెండు ప్రక్కప్రక్కన చేర్చి, పైన అడ్డుకఱ్ఱలు కట్టినయెడల సంగడి యగును. దానిమీద ధాన్యపు బస్తాలును, పెండ్లివారును పోవచ్చును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎరిత్రియ సముద్ర యాత్రాగ్రంథములో, మన తూర్పు తీరమున దుంగలను జతకట్టి చేసిన నావలకు సంగర యని పేరున్నది. ఆ మాటకును మన సంగడికిని చుట్టరికము కలదని కొందరు పండితులు చెప్పుచున్నారు. స్నేహితుని సంగడీడనుట కూడ ఈ జతకట్టుటనుబట్టియేనేమో యని నాకొక ఊహ. ఇది నా ఊహ మాత్రమే, పండితులమీద మోపను.

ఫాల్గుణమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు జాతర జరుగును. ఆ తల్లిని జలదుర్గ యని కూడ పిలుతురు. నా చిన్నతనమున తాడేపల్లిగూడెమువైపు మా చుట్టములు గోదావరి కాలువమీద పడవలో ఏలూరు చేరి, మా ఊరు వచ్చి, అక్కడినుండి మాతో కలిసి దోనెలలోను సంగడులలోను అమ్మవారికడకు పోవుచుండిరి. తెల్లవారుజామున సరస్సుమీద దీపములు వరుసగ కదలుచుండెడివి. మా రేవు పడవవాండ్రకు ఒక కట్టుబాటుండెను. జాతర దినములలో వచ్చిన రేవుడబ్బులో ప్రతి దోనెవాడు కొంత తీసి ఒక మట్టికుండలో వేయవలెను. యాత్రికులును తోచినది వేయుదురు. ఆ కుండను పూర్ణిమ వెళ్లిన మరునాడు పెద్దల యెదుట పగులగొట్టుదురు. ఆ యేడు నీటిలో మగవానిని పోగొట్టుకొన్న ఇల్లున్న దానికి, లేనిచో క్రొత్త దోనె కొనలేని పేదవానికి ఆ సొమ్ము చెందును. ఒక యేడు అది మా ప్రక్కింటి ముసలామెకు చెందినది. ఆమె కొడుకు గాలివానలో వలవేయబోయి తిరిగి రాలేదు. కుండ పగిలినప్పుడు చిల్లర చాపమీద దొర్లిన చప్పుడు నాకింకను వినబడుచునే యున్నది. ఆమె ఆ డబ్బును ముట్టుకొనక చాలసేపు చూచుచు కూర్చుండెను.

ఇక ఉప్పుటేరు దాటి సముద్రమునకు పోవుదము. మన తీరమున కెరటము ఒడ్డుకడ విరుగును. లోతైన ఓడ దరికి రాలేదు. గట్టి మేకులు కొట్టిన పడవ విరుగు అలలో పగులును. అందుచేత మనవారు రెండుపాయములు కనిపెట్టిరి. ఒకటి కొబ్బరిపీచు త్రాళ్లతో బల్లలను కుట్టిన పడవ. దానిని దొరలు మసూలా పడవ యనిరి. మచిలీపట్టణమునుబట్టి ఆ పేరు వచ్చినదని కొందరును, కాదని కొందరును అందురు. అల కొట్టినప్పుడు అది వంగును గాని విరుగదు. రెండవది తెప్ప. చివరలు పైకి తేలునట్లు చెక్కిన తేలికదుంగలు కొన్ని త్రాళ్లతో బిగించి కట్టినదే తెప్ప. నీరు పైకి వచ్చి పైనుండియే పోవును. మునుగుటకు దానికి కడుపే లేదు. అరవవారు దీనిని కట్టుమరమందురు. ఇంగ్లీషువారు ఆ మాటనే తమ భాషలోనికి తీసికొని లోకమంతట వ్యాపింపజేసిరి.

చెన్నపట్టణమునకు 19వ శతాబ్దము చివరివరకు సరియైన రేవు లేదు. 1870ల నడుమ పని మొదలైనది. 1881లో తుఫాను కట్టినదానిని చాలవరకు పాడుచేసినది. అంతవరకు గవర్నరైనను, గుమాస్తాయైనను కుట్టుపడవలోనే కెరటములు దాటి ఒడ్డుకు రావలెను. ఆ పడవల ప్రక్కన కట్టుమరములు పోవుచుండెడివి. అవి వినోదమునకు కాదు. పడవ బోల్తాపడినచో నీటబడినవారిని ఎత్తుకొనుటకు. అట్లు ప్రాణములు కాపాడినవారికి కంపెనీవారు పతకములు కూడ ఇచ్చుచుండిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. అలమీద ఆడువానికే అలలోనుండి మనుష్యుని తీయుట తెలియును. ఈ కథ మరి రెండు దేశములలో మరల వచ్చును.

తెప్ప ఒడ్డుకు వచ్చు తీరు చూడదగినది. మత్స్యకారుడు విరుగు అలల కావల ఆగి, వెనుకకు చూచుచు కూర్చుండును. ఒకటి పోనిచ్చును, రెండు పోనిచ్చును. తనకు కావలసిన అల లేచినప్పుడు తెడ్డుతో నాలుగు పోట్లు వేసి దాని భుజమెక్కును. తరువాత తెడ్డు చుక్కానిగ మాత్రమే పనిచేయును. అలయే వానిని ఒడ్డున దింపును. పూరీ క్షేత్రమునకు పోయినవారు ఈ దృశ్యమును చూచియుందురు. అక్కడి నోళియాలు మనవారే. శ్రీకాకుళము, గంజాము, విశాఖపట్టణపు తీరములనుండి వెళ్లి పెంటకటలో స్థిరపడిన తెలుగు మత్స్యకారులు. యాత్రికులను చేయిపట్టి సముద్రస్నానము చేయించి, కొట్టుకొనిపోవువారిని బయటికి లాగుట వారి వృత్తులలో నొకటి. కోసుగ నుండు తెల్లటోపీలు వారి గురుతు. నేను పూరీకి పోయినప్పుడు ఒక నోళియా నా చేయి పట్టుకొని, ఒడియాలో మొదలుపెట్టి, నా ముఖము చూచి, "మన ఊరోళ్లేనా బాబూ? మోకాళ్లు వదులుగా పెట్టండి" అనెను. నేను చెప్పినది అతిశయోక్తి యనుకొనవలదు.

2012లో అదే ఒడిశా తీరమున, పూరీ కోణార్కముల నడుమ రామచండి కడ, సర్ఫింగు ఉత్సవమొకటి మొదలైనది. మరుసటియేడు చెన్నపట్టణమునకు దక్షిణముననున్న కోవళమునందు కూడ ఇటువంటి పండుగ జరిగినది. కోవళమున ఆ విద్య నేర్పు పాఠశాల నెలకొల్పినది ఒక మత్స్యకార యువకుడు. అతడు చిన్ననాడు కిటికీ తలుపు చెక్కమీద అలలెక్కెనని చెప్పుదురు. ఇక్కడివారు దీనిని విదేశపు ఆటగ చూచుట నాకు వింతగ నుండును. పలకమీద రెండు కాళ్లపై నిలుచుట విదేశమునుండి వచ్చినమాట నిజమే. అలను ఎంచుకొని దాని భుజమెక్కుట మాత్రము వారికి తాతలనాటి విద్య.

ఆ విదేశమేదన, పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయి దీవులు. 1778లో కెప్టెను కుక్కు అచ్చట ప్రవేశించెను. మరుసటియేడు అతని తోటి అధికారి జేమ్సు కింగు ఆ జనులు పలకలమీద అలలెక్కుట చూచి ఆశ్చర్యపడి వ్రాసెను. అక్కడ రాజులును, పేదలును, స్త్రీలును, పిల్లలును ఆడుదురు. దొరలకు ఓలో యను మిగుల పొడవైన పలక. సామాన్యులకు అలాయా యను పలుచని పొట్టిపలక. పలకకై చెట్టును కొట్టునప్పుడు ఒక ఎఱ్ఱచేపను మొదట నుంచి ప్రార్థించి, కొట్టిన పిదప వేళ్లగోతిలో దానిని పాతిపెట్టుదురు. మనవారు మ్రాను కొట్టుటకు ముందు కొబ్బరికాయ కొట్టుట వంటిదే. ఆడిన తరువాత పలకను ఆరబెట్టి, కొబ్బరినూనె రాచి, గుడ్డ చుట్టి, ఇంటిలో వ్రేలాడదీయుదురు. ఈ ఆచారమే తరువాత వారి చరిత్రను కాపాడినది.

ఏలయన, 19వ శతాబ్దమున ఆ జాతి కరగిపోయినది. తెల్లవారితో వచ్చిన రోగములు ఊళ్లను తుడిచివైచినవి. లక్షలలో నుండిన స్వదేశీయులు 1890 నాటికి నలువదివేలకు దిగిరి. 1820లో వచ్చిన మతబోధకులకు ఈ ఆట రుచింపలేదు. ఆడువారు తగ్గిరి; పలకలు అటకలెక్కినవి. అయినను కొన్నిటిని కొందరు పారవేయలేదు. 1885లో కాలిఫోర్నియాలో చదువుకొనుచుండిన ముగ్గురు హవాయి రాజకుమారులు శాంతాక్రూజు ఊరికడ, నది సముద్రమున కలియుచోట, అక్కడి ఎఱ్ఱకలపతో చేయించిన పలకలమీద అలలెక్కిరి. అమెరికా ఖండమున ఈ ఆటకు అదియే మొదలందురు. ఆ పలకలలో రెండు హొనొలులూలోని బిషప్పు మ్యూజియమున నిలిచియున్నవి. 130 ఏండ్ల తరువాత, 2015లో, వానిని శాంతాక్రూజునకు కొనిపోయి ప్రదర్శింపగా జనులు తండోపతండములుగ వచ్చి చూచిరి. కొయ్యముక్కలు రెండు. వానికొరకు ఊరంతయు కదలినది.

ఆ మ్యూజియములోనే పాకీ యను దొర వాడిన ఓలో పలకలు కలవు. అతడు 1855లో గతించెను. 1926 ప్రాంతమున టామ్ బ్లేకు అను అమెరికా యువకుడు ఆ పాతపలకలను శుభ్రపరచి, బాగుచేసి, వానివంటిది తాను చేయబూనెను. గట్టికొయ్య బరువుగ నుండుటచే లోపల డొల్లగ నుండు పలకను కనిపెట్టి 1932లో పేటెంటు పొందెను. నేనీ సంగతి చదివినప్పుడు బాడిసె పట్టిన మా ఊరి వడ్రంగిని తలచుకొంటిని. డొల్లచేసిన కొయ్య బాగుగ తేలునని కనిపెట్టినందుకు మనవారికి పేటెంటు ఎవరును ఈయలేదు. బ్లేకు డొల్లపలకలు తరువాత తీరరక్షకుల చేతికి ప్రాణములు కాపాడు సాధనములుగ వచ్చినవి. పాతపలక దాచినవాని పుణ్యమున క్రొత్తది పుట్టినది.

హవాయివాడైన డ్యూక్ కహనమోకు పేరు మీరు వినియుండకపోవచ్చును. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్సులో ఈతకు స్వర్ణపతకము పొందినవాడు. 1914 చివర ఆస్ట్రేలియాకు పోయి, అక్కడి కొయ్యతోనే పలకను చెక్కుకొని, సిడ్నీ కడ ఫ్రెష్‌వాటరు తీరమున జనులయెదుట అలలెక్కెను. ఆ పలకను అక్కడి తీరరక్షక సంఘమువారు నేటికిని పూజావస్తువువలె కాపాడుచున్నారు. 1925 జూన్ 14న కాలిఫోర్నియాలో థెల్మా యను పడవ పెద్ద అలలో బోల్తాపడినది. డ్యూక్ తన పలకతో మరలమరల అలలలోనికి పోయి ఎనమండుగురిని ఒడ్డుకు తెచ్చెను. పదునేడుగురు చనిపోయిరి. చెన్నపట్టణపు కట్టుమరమువారు చేసిన పనియే అది. వీరి పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

ఆస్ట్రేలియాలో ఈ తీరరక్షకులు జీతగాండ్రు కారు. 1907 ప్రాంతమునుండి ఊరూర సంఘములు కట్టుకొని, ఉత్సవములు జరిపి, చందాలు వసూలుచేసి, త్రాళ్లును చక్రములును కొనుచున్నారు. 1938 ఫిబ్రవరి 6న బాండై తీరమున మూడు పెద్ద అలలు వరుసగ వచ్చి వందలమందిని లోనికి లాగివేసినవి. ఆనాడు అదృష్టవశమున సంఘసభ్యులు పలువురు ఒడ్డుననే యుండిరి. రమారమి రెండువందల యేబదిమందిని బయటికి తీసిరి. అయిదుగురు మాత్రము దక్కలేదు. త్రాడు అంతకుముందే కొనియుండిరి గనుక ఆ మాత్రమైన సాధ్యమైనది.

ఇంకొక సంగతి. 1999లో న్యూజీలాండు వైద్యుడు డేవ్ జెంకిన్సు అలలకొరకు ఇండోనీషియాలోని మెంటవాయి దీవులకు పోయి, అచ్చట చలిజ్వరముతో పిల్లలు చనిపోవుట చూచి, మరుసటియేడు సర్ఫ్‌ఎయిడ్ అను ధర్మసంస్థను స్థాపించెను. దానికొరకు అలలమీద పందెములు పెట్టి, ఆడువారిచేత చందాలు కూడబెట్టింతురు. 2004 డిసెంబరు 26న సముద్రము పొంగినప్పుడు ఆ సంస్థ అక్కడనే యుండెను గనుక వెంటనే సహాయము చేయగలిగెను.

మనకును ధర్మబుద్ధి లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి పదివేలమందిని పొట్టబెట్టుకొనినప్పుడు, రామారావు, నాగేశ్వరరావు గార్లు వీధివీధిని తిరిగి విరాళములు పోగుచేసిరి. జనులు చేతి గాజులు తీసి యిచ్చిరి. అది గొప్పపనియే. కాని అది పీనుగులు లెక్కపెట్టిన తరువాతి దానము. మా రేవులో కుండ ఏ ప్రమాదమును లేని యేడును నిండుచుండెను. ఆ భేదమును నేను పెద్దవాడనైన తరువాత గాని గుర్తింపలేదు.

కుండ ఎప్పుడు ఆగిపోయినదో ఎవరికిని సరిగ జ్ఞాపకము లేదు. రోడ్లు వచ్చినవి. చేపల చెరువుల గట్లు సరస్సును గళ్లుగళ్లుగ కోసినవి. దోనెకు దారి లేకపోయినది. 1999లో సరస్సును పక్షులకు అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రామ్సారు ఒప్పందము క్రింద ప్రపంచపు ముఖ్య చిత్తడినేలల పట్టికలో చేర్చిరి. 2006లో ప్రభుత్వము పెక్కు గట్లను కొట్టివేసినది. నీటికి కొంత త్రోవ దొరికినది గాని దోనె మరలి రాలేదు. ఫైబరు పడవలు వచ్చినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరు కొల్లేట పడి, లంక గ్రామముల రోడ్లు మునిగినప్పుడు పడవలకొరకు ఎదురుచూచిన కుటుంబములను చూచితిని. పెరట నొక దోనెయున్న ఇల్లు ఎదురుచూడనక్కరలేదు.

ఆ వరద తీసిన తరువాత మా ఊరికి పోయితిని. మా తాతగారి సంగడీని మనుమని దొడ్డిలో, గేదెలయెదుట, కుడితితొట్టిగ నున్నది ఒక తాటిదోనె. మట్టి పెట్టు కొనకు సిమెంటు పూసియున్నారు. లోపల బాడిసె దెబ్బలు వరుసగ ఇంకను కనబడుచున్నవి. "ఇది నాకు ఇస్తావా అబ్బాయీ?" అంటిని. "గేదెలకు వేరే తొట్టి కొనిపెట్టండి బాబాయిగారూ, తీసుకుపోండి" అని అతడు నవ్వెను. కొనిపెట్టితిని. నలుగురము మోసుకొనిపోయి రావిచెట్టు క్రింద రెండు దిమ్మలమీద నుంచితిమి. ఆడవారు కొబ్బరినూనె రాచిరి. సిమెంటు ఊడగొట్టి బంకమట్టి పెట్టవలసిన పని మిగిలియున్నది. దానిప్రక్క ఒక కుండ కూడ పెట్టవలెనని పెద్దలు ఒప్పుకొనిరి. చిల్లర ఎవరియొద్ద నుండవలెనను దానిమీద తగవు ఇంకను తేలలేదు, ఫాల్గుణములోపల తేల్చుదుమనుచున్నారు.